ఫోను ఎత్తేవాళ్ళ నంబరు

మొన్న వానాకాలం మొదట్లో మా పాత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వరద కంట్రోల్ రూంలోకి కొత్తగా పిల్లలను తీసుకున్నారట, వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. కరీంనగర్ నుంచి బస్సెక్కి వెళ్ళాను. గోడ నిండా పెద్ద తెర. అందులో వాగులు, చెరువులు, ఊళ్ళు రంగురంగులుగా వెలుగుతున్నాయి. ఏ ఊళ్ళో ఎంతమందికి హెచ్చరిక చేరిందో చెప్పడానికి ఊరి పేరు పక్కనే ఆకుపచ్చ గీతలు. పిల్లలు ముచ్చటపడి చూపించారు. నేను ఆ గీతల వైపే చూస్తూ ఉండిపోయాను. ఏవో రెండు ముక్కలు మాట్లాడి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేశాను.

అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు. అవి ఎవరికి కావాలి? నేను పనిచేసిన ఆఫీసు పేరు, ఆ ఊరి పేరు కూడా రాయను. గోదావరికి ఇవతల, ఒక వాగు పక్కన ఉన్న ఊరు అనుకోండి చాలు. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ గుర్తుపడతారు.

పెద్దసారు

మాది రెండు రకాల పని. వరద రాకముందు జనానికి చెప్పడం ఒకటి. వచ్చి పోయాక, నీళ్ళపాలైన వాళ్ళ కాగితాలను, లెక్కలను మళ్ళీ నిలబెట్టడం రెండోది. కంప్యూటర్లు రాకముందూ ఈ పని ఉంది, వచ్చాకా ఉంది. వానలు లేనప్పుడు మనం ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. వానలు మొదలయ్యాక మనల్ని ఎవరూ అన్నం తిననివ్వరు.

నేను చేరినప్పుడు మా పై అధికారిని అందరూ పెద్దసారు అనేవాళ్ళు. ఆదిలాబాద్ వైపు మనిషి, మాటలో మరాఠీ కలిసేది. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ 'బాయీ' అనేవాడు. మెట్‌పల్లిలో మరమగ్గం నడుపుకునే మనిషి కూతురు కంప్యూటర్ ముందు కూర్చుందని ఆయనకు మహా సంబరం. ఆ సంబరం పైకి కనపడకుండా రోజంతా తిట్టేవాడు.

అప్పట్లో ప్రాజెక్టు గేట్లు ఎత్తితే కింది ఊళ్ళకు వైర్‌లెస్‌లోనో ఫోన్‌లోనో చెప్పేవాళ్ళం. చెప్పి పెట్టేస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. అవతలి మనిషితో ఆ మాటను తిరిగి చెప్పించుకోవాలి. 'మధ్యాహ్నానికి నీళ్ళు వస్తయి, కింది వాడకట్టును బడికి తోలాలె' అని అతని నోటితో మనం వినాలి. నేను ఒకసారి విసుక్కుని, చెప్పాను కదా సార్ అన్నాను.

"నువ్వు చెప్పినవ్ బాయీ, గది నాకు తెలుసు. గాయన విన్నడా? గది చెప్పు."

నాకు అప్పుడు అది చాదస్తంలా అనిపించింది. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఇప్పుడు కనపడితే కాళ్ళు పట్టుకుంటాను.

కంప్యూటర్ వచ్చిన కొత్తలో జరిగిన ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు పనికొస్తుంది. రోజూ సాయంత్రం ఊళ్ళ వివరాలన్నీ డిస్కుల్లోకి నకలు తీసి పెట్టేదాన్ని. ఒక్క రోజు మానలేదు, ఆ విషయంలో నాకు బాగా గర్వం ఉండేది. ఆ డిస్కులను కంప్యూటర్ బల్ల పక్కనే ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. ఒక వానాకాలం కాలువ తెగి ఆఫీసులోకి నీళ్ళు వచ్చాయి. అసలూ మునిగింది, నకలూ మునిగింది, రెండూ ఒకే గదిలో. తాళం మాత్రం భద్రంగా ఉంది. పెద్దసారు లుంగీ ఎగగట్టుకుని వచ్చి, ఆ బీరువా చూసి, మేడ మీదికి పోయి పాత దస్త్రాలు దించాడు. పైకప్పు కారి తడిసినవి దండేల మీద ఆరేశాం. ఆరినవాటిని చూసి మొత్తం మళ్ళీ టైపు చేశాను. ఆ నెలంతా ఆయన నన్ను తిట్టలేదు, అదే పెద్ద శిక్ష. అప్పటి నుంచి నేను చేసిన ప్రతి నకలూ వేరే ఊళ్ళో, ఎత్తైన చోట ఉంది. మీరూ అలాగే పెట్టండి, ఇంకెవరు ఏం చెప్పినా వినకండి.

నీళ్ళలో పోయిన కాగితం

వరద తీసిన రోజుల్లో మన దగ్గరికి వచ్చేవాళ్ళను చూస్తే గుండె చెరువవుతుంది. ముద్దగా అంటుకుపోయిన పాస్‌బుక్కులు, రంగు దిగిన ఫోటోలు, ప్లాస్టిక్ సంచిలో బురద. నడుం దాకా తడి బట్టలతోనే వరుసలో నిలబడతారు. వాళ్ళకు నష్టపరిహారం రావాలంటే వాళ్ళు ఎవరో రుజువు కావాలి. ఆ రుజువు వాగులో పోయింది.

ఒక కుర్రాడు, మా దగ్గరే పనిచేసేవాడు, ఒక ముసలాయనను గుర్తింపు కార్డు నకలు తెమ్మని పంపించేశాడు. ఆయన ఎక్కడి నుంచి తెస్తాడు? నేను అప్పుడు ఆ కుర్రాడిని అందరి ముందూ కడిగేశాను. తప్పు చేశానేమో కానీ ఇప్పటికీ బాధ లేదు. నీళ్ళలో పోయిన కాగితం కోసం ఇంకో కాగితం అడగకండి. మన యంత్రంలో వాళ్ళ పేరుంది, ఊరుంది, పక్కింటివాళ్ళ పేర్లున్నాయి. అడిగి, సరిచూసి, వాళ్ళ కాగితం మనమే అచ్చు తీసి చేతిలో పెట్టాలి. మన ఉద్యోగం ఉన్నదే అందుకు. ఆ తడి చేతులతో కాగితం అందుకుని వాళ్ళు ముఖానికి ఆనించుకుంటారు చూడండి, అలాంటప్పుడే ఈ పనిలో ఉన్నందుకు కాస్త తృప్తిగా ఉంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నానని నాకు తెలుసు.

ఇంటి నంబరు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మెసేజ్‌లు వచ్చాయి. బటన్ నొక్కితే వాగు పక్కన ఉన్న ఊళ్ళన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పోతుంది. పోయిందా లేదా, అవతలి ఫోన్‌కు చేరిందా లేదా, తెర మీద వెంటనే కనిపిస్తుంది. చేరితే ఆకుపచ్చ గీత. ఒక్కో ఊరికి ఫోన్ చేసి, తిరిగి చెప్పించుకుని, గొంతు పోగొట్టుకున్న మాకు అది పండగే. పెద్దసారు అప్పటికి లేరు. ఆయన పద్ధతి మెల్లగా మూలపడింది. ఊళ్ళో డప్పు చాటింపు కూడా, మెసేజ్ పోతోంది కదా అని, ఎవరూ వద్దనకుండానే ఆగిపోయింది.

నంబర్లు ఎక్కడివి? రేషన్‌కో, పింఛనుకో, బ్యాంకుకో జనం ఇచ్చినవే తెచ్చుకుని నింపుకున్నాం. ఇంటికి ఒక నంబరు.

ఆ ఊళ్ళో, అలాంటి ఎన్నో ఊళ్ళలో, సగం ఇళ్ళ మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. పోయేటప్పుడు ఇంటి సిమ్ము తమతో తీసుకుపోతారు. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ అంకెలన్నీ ఆ నంబరుకే వస్తాయి కాబట్టి ఫోన్‌లో రెండో సిమ్ముగా వేసుకుని బతికించుకుంటారు. ఇంటి నంబరు చెప్పమంటే ఆడవాళ్ళు ఆ నంబరే చెప్తారు. అందులో అబద్ధం లేదు. వాళ్ళ లెక్కలో ఇల్లు నడిచేది ఆ నంబరు మీదనే. నేను మెట్‌పల్లి పిల్లను, మా వాడకట్టు నిండా ఇదే తీరు. అయినా తట్టలేదు.

ఆ రోజు పొద్దున ఆ ఊళ్ళో వాన తెరిపిచ్చి ఎండ కూడా వచ్చింది. పైన, ఎగువన మాత్రం కుండపోత. ప్రాజెక్టు నిండిందని, గేట్లు ఎత్తుతున్నామని కబురు రాగానే బటన్ నొక్కాను. చూస్తుండగానే ఆ ఊరి గీతలన్నీ ఆకుపచ్చగా మారిపోయాయి. నా వెనక నిలబడిన అధికారి భుజం తట్టినంత పని చేశాడు. నాకూ గర్వంగానే ఉంది.

కాసేపటికి కంట్రోల్ రూం ఫోన్ మోగింది. మెసేజ్ చివర మేము ఇచ్చే నంబరు అది. అవతల వెనకంతా ఏసీ యంత్రాల రొద, ఒక మగ గొంతు.

"మేడం, మీరు నాకు మెసేజ్ పెట్టిండ్రు. నేను దుబాయ్‌ల ఉన్న. మా అవ్వ ఇంట్ల ఒక్కతే ఉన్నది. మాది వాగు పక్కపొంటి ఇల్లు. ఆమెకు చెప్పుండ్రి."

అతని పేరు రాజేశం. భార్య పాపను తీసుకుని నిర్మల్‌లో పుట్టింటికి పోయిందట, స్మార్ట్ ఫోన్ ఆమె దగ్గరే ఉందట. తల్లి గంగవ్వ దగ్గర ఉన్నది చిన్న బటన్ల ఫోన్. పక్కింటికి చేశారా అని అడిగాను. చేశాడట. ఆ పక్కింటి నంబరు అతను ఉండే లేబర్ క్యాంపులోనే, అవతలి మంచం మీద మోగిందట. ఆ ఇంటాయన కూడా అక్కడే ఉన్నాడు. ఇంకో ఇంటికి చేస్తే అది మస్కట్‌లో ఎత్తారట. తెర మీద ఆకుపచ్చ గీతలు అలాగే ఉన్నాయి. ఆ గీతలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో నాకు అప్పుడు అర్థమైంది.

మీ అమ్మకు మీరు చేశారా అన్నాను.

"చేస్తనే ఉన్న మేడం. రింగు పోతుంది. ఎత్తది." అతను ఆగాడు. "నేనే ఎత్తద్దన్న."

తర్వాతి మాటలు అతను ఏడుస్తూ చెప్పాడు. అతను మొదటిసారి గల్ఫ్ పోయినప్పుడు ఫోన్ ఎత్తితే డబ్బులు కాలేవి. అందుకని తల్లికి ఒక పద్ధతి నేర్పాడు. డ్యూటీ దిగాక రింగు ఇస్తాను, నువ్వు ఎత్తకు, మోగిందంటే నేను మంచిగా ఉన్నట్టు. మాట్లాడాలంటే భార్య ఫోన్‌లో మాట్లాడేవాడు. డబ్బులు కాలే కాలం పోయినా ఆ అలవాటు పోలేదు. రోజూ ఆ రింగు విని, దేవుని దిక్కు చూసి దండం పెట్టుకుని, గంగవ్వ తన పనిలో పడిపోయేది. ఆ ఊళ్ళో సగం మంది తల్లులు అంతేనట.

"మీరు చెయ్యిండ్రి మేడం. కొత్త నంబరైతే ఎత్తుతదేమో."

ఆ నంబరు తీసుకుని ఇంకో ఫోన్ నుంచి చేశాను. రింగు పోయింది. మళ్ళీ చేశాను. ఇటు పక్క రాజేశం లైన్‌లో, అటు పక్క గంగవ్వ ఇంటి రింగు. మధ్యలో పోలీసు స్టేషన్‌కు, పంచాయతీకి, మండలానికి మనుషులను ఉరికించమని మా వాళ్ళను కేకలేశాను. పడవ వేరే ఊరికి పోయింది. దారిలో కల్వర్టు మీద నీళ్ళున్నాయని జీపు ఆగింది. నేను చేస్తూనే ఉన్నాను. ఎత్తు తల్లీ, ఒక్కసారి ఎత్తు అని పైకే అంటున్నానట, నాకు తెలియలేదు, తర్వాత మా వాళ్ళు చెప్పారు.

"రింగు పోతుందా మేడం?" అని రాజేశం మాటిమాటికీ అడిగాడు. పోతుంది అన్నాను. ఆ తర్వాత ఒకసారి చేస్తే రింగు రాలేదు, అందుబాటులో లేరని రికార్డు మాట వచ్చింది. అతను అడిగాడు. నేను మళ్ళీ అదే నంబరు నొక్కాను. అతనికి అర్థమై ఫోన్ పెట్టేశాడు.

నీళ్ళు తీశాక ఊరికి చాలా దిగువన, తుమ్మ చెట్ల మధ్య గంగవ్వ దొరికింది.

చేరింది అనే మాట

ఆ వారం సమీక్ష పెట్టారు. వరద పెద్దది, పోయిన ప్రాణం ఆ ఊళ్ళో ఒక్కటే, హెచ్చరికలు అందరికీ చేరాయి అని అధికారి పై వాళ్ళకు చెప్పాడు. తెర చూపించాడు. నేను లేచి నిలబడ్డాను. సార్, చేరింది దుబాయ్‌కి, మస్కట్‌కి అన్నాను. ఆయన నవ్వి, మెసేజ్ వరకైతే చేరినట్టే కదా మేడం అన్నాడు. చెడ్డవాడు కాదు ఆయన. అంకెలను నమ్మాడు, అంతే. కానీ ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు. గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. సిగ్గుపడలేదు.

తర్వాత ఆ ఊరి బడిలో శిబిరానికి వెళ్ళాను. పోయిన కాగితాల వివరాలు రాసుకోవడానికి అని చెప్పాను గానీ, గంగవ్వను చివరగా చూసిన మనిషి కోసం వెళ్ళాను. ఆమె పక్కింటి మల్లవ్వ. మల్లవ్వ భర్త కూడా, రాజేశం ఉన్న క్యాంపులోనే ఉంటాడు. గంగవ్వ, మల్లవ్వ ఇద్దరూ బీడీలు చుట్టేవాళ్ళు, చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తోడు. ఆ రోజు ఎండ వచ్చిందని గంగవ్వ అరుగు మీద తునికాకు ఆరబెట్టి, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. ఫోన్ నడుముకు కట్టుకున్న సంచిలో ఉందట.

"ఒక్క తీర్గ మోగుతుంటే, ఎత్తరాదే గంగవ్వా అన్న. నవ్వింది. 'ఇయ్యాల నా కొడుకు నన్ను మస్తు యాది చేస్తుండు' అన్నది. మోగినప్పుడల్ల సంచి మీద చెయ్యి పెట్టుకునుడు, మురుసుడు. నేను దుకాణం దాక పోయి వచ్చేసరికి నీళ్ళు అడ్డమొచ్చినయి. నన్ను సొసైటీ బిల్డింగు మీదికి గుంజిండ్రు."

ఆ మోతల్లో చాలా మటుకు నావి. నా వేలు నొక్కినవి. ప్రతి రింగుకూ ఆ తల్లి, కొడుకు క్షేమంగా ఉన్నాడని మురిసి, ఇంకాసేపు అక్కడే కూర్చుంది. ఈ మాట నేను నా భర్తకు కూడా చాలా కాలం చెప్పలేదు.

మల్లవ్వ నా చెయ్యి పట్టుకుని, ఈ సంగతి రాజేశానికి చెప్పవద్దని బతిమాలింది. ఫోన్ గూట్లో పెట్టి మరిచిపోయిందని చెప్పమంది. చిన్న పిల్ల ఉన్నవాడు, బతకాల్సినవాడు అంది. సరే అన్నాను.

రాజేశం

అతని పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండటంతో దహనానికి అందలేదు, దినాలకు వచ్చాడు. ఆ తర్వాత మా ఆఫీసుకు వచ్చాడు. బక్కపలుచటి మనిషి, ఎండకు నల్లబడిన ముఖం. గొంతు విన్నాకనే నేను గుర్తుపట్టాను. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుదామని వచ్చిన. మా అవ్వ ఫోను ఇంట్ల ఇడిసిపెట్టి ఏడికన్న పోయిందా మేడం? ఇనపడక ఎత్తలేదా?"

మల్లవ్వకు ఇచ్చిన మాట నోటి దాకా వచ్చింది. గూట్లో మరిచిపోయిందట నాయనా అంటే చాలు. అతను తల ఊపి, ఏడ్చి, వెళ్ళిపోయేవాడు. తాను నేర్పిన పద్ధతే తల్లి ప్రాణం తీసిందన్న బరువు కొంతైనా దిగేది. కానీ ఆ అబద్ధంతో పాటు ఇంకొకటి కూడా పోతుంది. వాళ్ళమ్మ చివరి మాట అతనికి ఎప్పటికీ దొరకదు. ఆ నవ్వు దొరకదు. నీళ్ళను చూసి భయపడి అరిచిందేమోనని బతికినన్నాళ్ళూ ఊహించుకుంటాడు. రెండింటిలో ఒకటి ఇచ్చి ఒకటి దాచడానికి లేదు.

చెప్పేశాను. అరుగు, ఎండ, తునికాకు, సంచిలో ఫోన్, మల్లవ్వ ఎత్తమనడం, ఆమె అన్న మాట. నేను చేసిన రింగుల సంగతి కూడా చెప్పాను. అవి నీవే అనుకుంది నాయనా అన్నాను.

అతను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. నాకు భయం వేసింది. చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. చివరికి కుర్చీలో కూర్చున్నాడు.

"మా అవ్వ ఏమన్నదో మళ్ళొక్కసారి చెప్పుండ్రి."

చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత అతనే మెల్లగా, తల్లి మాటను తల్లి యాసలోనే, తనలో తాను అనుకున్నాడు. నాకు పెద్దసారు గుర్తొచ్చాడు. అవతలి మనిషి తిరిగి చెప్పేదాకా చెప్పినట్టు కాదనేవాడు కదా. రాజేశం బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. నేను లేచి వెళ్ళి అతని తల మీద చెయ్యి వేశాను. ఆఫీసులో అందరూ చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను.

శుక్రవారం

ఆ తర్వాత నంబర్ల పని మొదటి నుంచి చేశాం. ఇంటింటికీ తిరిగాం. మీ నంబరెంత అని అడగలేదు. మీ ఇంట్లో ఫోన్ ఎత్తేది ఎవరు అని అడిగాం. ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ వ్యాసమంతా రాశానని అనుకున్నా పరవాలేదు. గల్ఫ్ నంబరు తీసెయ్యలేదు, దాని పక్కన రెండో నంబరు పెట్టాం. చదవలేని వాళ్ళకు మెసేజ్ కాకుండా మనిషి గొంతుతో ఫోన్ పోయేలా చేశాం. ఎత్తిన మనిషి, విన్నట్టుగా ఒక అంకె నొక్కితేనే తెర మీద గీత ఆకుపచ్చ అవుతుంది. నొక్కకపోతే ఎర్రగానే ఉంటుంది, ఆ ఇంటికి మనిషి పోవాలి. చాటింపు కూడా మళ్ళీ మొదలుపెట్టించాను. కంప్యూటర్ ఉండగా డప్పు ఎందుకని ఒకరిద్దరు ఎగతాళి చేశారు. చేసుకోనివ్వండి.

ఇంత చేసినా ముసలి తల్లులు ఫోన్ ఎత్తలేదు. పరీక్షగా చేస్తే మోగి మోగి ఆగిపోయేది. వెళ్ళి అడిగితే, కొడుకు ఎత్తొద్దన్నాడు అనేవాళ్ళు. మేమెంత చెప్పినా, సర్కారు వాళ్ళ మాట కన్నా కొడుకు మాట పెద్దది.

ఆ ముడి విప్పింది రాజేశమే. అప్పటికి మళ్ళీ దుబాయ్ పోయాడు. అక్కడ మన జిల్లాల వాళ్ళ క్యాంపులన్నీ తిరిగాడు, తెలిసినవాళ్ళందరికీ కబురు పెట్టాడు. ఒక శుక్రవారం, వాళ్ళకు సెలవు రోజు, కొడుకులందరూ ఇళ్ళకు ఫోన్లు చేశారు. పెళ్ళాలను లైన్‌లోకి తీసుకుని, ఫోన్ తల్లి చేతికి ఇమ్మన్నారు. ఇక నుంచి మోగితే ఎత్తు అవ్వా అని ఎవరి తల్లికి వాళ్ళు చెప్పారు. ఆ రోజు మల్లవ్వ నాకు ఫోన్ చేసి, ఊళ్ళో ముసలోళ్ళంతా అరుగుల మీద కూర్చుని ఏడుస్తున్నారని చెప్పింది. తర్వాతి పరీక్షలో ఆ ఊళ్ళో దాదాపు అందరూ ఎత్తారు.

రాజేశం ఇల్లు మాత్రం మళ్ళీ లేవలేదు. భార్య, పాప నిర్మల్‌లోనే ఉండిపోయారు. నేను రిటైరయ్యే ముందు నంబర్లు సవరిస్తూ, ఆ ఇంటి నంబరు తీసెయ్యనా అని అతన్ని అడిగాను.

"ఉంచుండ్రి మేడం. మెసేజ్ వస్తే ఊళ్ళె మా ఇల్లు ఉన్నట్టే అనిపిస్తది."

ఉంచాను. ఆ పక్కన రెండో నంబరు గడి ఖాళీగా ఉంటే యంత్రం ఒప్పుకోలేదు. అందులో నా నంబరు వేశాను.

మొన్న ఆ పిల్లల దగ్గర నుంచి బస్సులో తిరిగి వస్తుంటే వాన అందుకుంది. కిటికీ అద్దం మూసినా చీర తడుస్తోంది. సంచిలో ఫోన్ మోగింది. ముందు కంట్రోల్ రూం నుంచి, మనిషి గొంతుతో ఆ ఊరి హెచ్చరిక. మొత్తం విని, అంకె నొక్కాను. పెట్టీ పెట్టగానే ఇంకోటి మోగింది. ప్రతి ఏడూ మెసేజ్ అందగానే రాజేశం చేస్తాడు. ఒక్క రింగుకే ఎత్తాను.

"ఎత్తిండ్రా మేడం?"

"ఎత్తిన బిడ్డా."

అంతే. ఫోన్ పెట్టేశాడు.